నాణెం దిగితే బీట

అక్క పోయి తొమ్మిది రోజులైనా మేస్త్రీ కంట తడి లేదు.

ఈ సంగతి వీధంతా పాకింది. పాకక ఏం చేస్తుంది? పరామర్శకి వచ్చేవాళ్ళకి పోయినవాళ్ళకంటే ఉన్నవాళ్ళ మొహాలే ఎక్కువ కావాలి. బావ ఏడ్చాడు. మేనకోడలు ఏడ్చింది. అక్కతో ఏనాడూ పడని పక్కింటావిడ కూడా చేతుల్లో మొహం దాచుకుని మరీ ఏడ్చింది. మేస్త్రీ మాత్రం బావ ఇంట్లో తలుపు పక్కన స్టూలు మీద కూర్చుని ఎదురు గోడకేసి చూస్తూ ఉండిపోయాడు. కిటికీ మూల నుంచి ఏటవాలుగా దిగిన పగులు ఎంత పొడుగుందో, ఎక్కడ రెండు పాయలైందో, ఎక్కడ ఆగిందో చూశాడు. ముప్పై ఏళ్ళ అలవాటు, కన్ను దాని పని అది చేసుకుపోతోంది. లోపల మాత్రం ఏదీ కదలడం లేదు. పన్ను పీకేముందు సూది వేస్తే చెంప ఉందో ఊడిందో తెలియదు చూడండి, ఒళ్ళంతా అలా ఉంది.

"రాయిరా వీడు," అన్నాడు బావ, వచ్చినవాళ్ళు వింటుండగానే. "తోడబుట్టింది పోయినా గుండె పగల్లేదు వీడికి."

నిజమే కదా, పగల్లేదు.

జరిగింది ఇది. ఆసుపత్రుల దుప్పట్లూ తువ్వాళ్ళూ ఉతికే పెద్ద లాండ్రీ ఒకటుంది. నూట నలభై మంది పని. ఒక గదిలో ఉతుకుతారు, పక్క గదిలో మిషన్లో వేసి పిండుతారు, గోడకి ఇవతల మడతల హాల్లో ఆడవాళ్ళు మడతలు పెడతారు. అలాంటి హాళ్ళు రెండు. ఎనిమిది నెలల కిందట ఒకటో హాలు పక్కకి కొత్త పిండే మిషన్ వచ్చింది. గదంత పీపా. తడి దుప్పట్లు మింగి గిర్రున తిరిగిందంటే హాల్లో బల్ల మీది టీ గ్లాసు దానంతటది అంచుకి నడుచుకుంటూ పోయేది. ఒక బుధవారం పొద్దున పదింబావుకి మధ్యగోడ హాల్లోకి పడింది. ముగ్గురు పోయారు. ఆ ముగ్గురిలో ఒకరు అక్క.

గోడ కూలిందని కాగితాల్లో రాస్తారు. ఏ గోడా దానంతటది కూలదు. కానీ కాగితం మీద కూల్చినవాడికి గడి ఉండదు.

మేస్త్రీ ఆ లాండ్రీకి ఆస్థాన తాపీ మేస్త్రీ. పెచ్చు రాలితే పూత, గొట్టం కారితే అతుకు, అన్నీ అతనే. దాంతోపాటు గోడల పుస్తకం కూడా అతని నెత్తినే ఉంది. గోడకి చీలిక కనిపిస్తే అందులో రాయాలి. ఏ గోడ, ఏ రకం, గాజు ఎలా ఉంది.

గాజు అంటే ఇదీ. పగులొచ్చిన ప్రతి గోడా పడదు, మడమలు పగిలిన ప్రతివాడూ కుంటివాడు కానట్టే. అది ఆగిపోయిందా, ఇంకా కదులుతోందా అన్నదే తేలాలి. అందుకని చీలికకి అటొకటి ఇటొకటి తెల్ల సిమెంటు ముద్దలు పెట్టి, వాటి మీద వేలెడంత గాజు పట్టీని వంతెనలా అతికిస్తాడు. ముద్ద పచ్చిగా ఉండగానే మేకుతో తేదీ గీస్తాడు. గోడ నిలకడగా ఉంటే గాజు అలాగే ఉంటుంది. గోడ కదిలితే, గాజుకి సాగే గుణం లేదు కాబట్టి, చిటుక్కున విరుగుతుంది. విరిగినదాన్ని తియ్యకూడదు. అది మొదటి నియమం, చివరి నియమం కూడా అదే. పక్కనే ఇంకోటి అతికించి, పుస్తకంలో 'విరిగింది' అని రాయాలి. ఇంజనీరు వచ్చి చూసేదాకా మిషన్ తిరగకూడదు.

మరి రకం? మేస్త్రీకి పని నేర్పిన ముసలాయన చేతికి కొలబద్ద ఇవ్వలేదు, నోటికి మాటలిచ్చాడు. "వెంట్రుక పట్టేంత ఉంటే చిట్లు. అది పూత జబ్బు, గోడకి సంబంధం లేదు. గోరు దిగితే పగులు. నాణెం దిగితే బీట. చెయ్యి దిగితే నెర్రె. నెర్రె నేలకి ఉండాలిరా, గోడకి ఉండకూడదు. గోడకి కనిపిస్తే పేరు వెతుక్కోకు, బయటికి పరిగెత్తు." ముసలాయన పోయాడు, మాటలు మిగిలాయి. మేస్త్రీ కొన్నాళ్ళు పుస్తకంలో ఆ మాటలే రాశాడు. తర్వాత మేనేజరు ఒకరోజు పిలిచి, "బీట ఏంటయ్యా బీట? చదివినవాళ్ళకి గుండె జారిపోతుంది. అన్నిటికీ చిట్లు అని రాసుకో, తేలిగ్గా ఉంటుంది," అన్నాడు. మేస్త్రీ తేలిగ్గానే రాసుకుపోయాడు.

ఇక అసలు సంగతి. తొమ్మిది రోజులుగా మింగలేక కక్కలేక గొంతులో పెట్టుకున్నది.

కొత్త మిషన్‌కి చోటు చాలక మడత బల్లలన్నీ గోడకి ఆనించేశారు. దుప్పటి మడవాలంటే ఇద్దరు చెరో చివరా పట్టుకుని ఒక్క ఝాడింపు ఝాడించాలి. బల్ల గోడకి ఆని ఉంటే దుప్పటి అంచు గోడకి కొడుతుంది. ఆ గోడ మీదే పగులు, ఆ పగులు మీదే మేస్త్రీ గాజు. రెండు నెలలు నిలిచింది. ఒకనాడు చూస్తే మధ్యకి విరిగి, ముక్క కొస బయటికి పొడుచుకుని ఉంది. దుప్పట్లు దానికి తగులుకుని చిరుగుతున్నాయి. చిరిగిన ప్రతి దుప్పటికీ సూపర్‌వైజరు కేకలు. వేలు తెగి చుక్క రక్తం పడితే ఉతికిన దుప్పటి మళ్ళీ ఉతుకుడికి, దానికి ఇంకో విడత కేకలు.

"ఒరే తమ్ముడూ, నీ గాజుముక్క మా కొంప తీస్తోందిరా," అంది అక్క. "పొద్దుటినుంచి నాలుగు చింపాం."

"అది విరిగిందక్కా. విరిగినదాన్ని తియ్యకూడదు."

"ఏం, ఎత్తుకుని ఊరేగిస్తావా దాన్ని?"

"ఇంజనీరు చూడాలి."

"ఎప్పుడొస్తాడు?"

"మేనేజరు పిలిస్తే."

"అంటే రాడన్నమాట." అక్క అవతలి చివర పట్టుకున్న గంట వైపు తిరిగి నవ్వింది. గంట అంటే ఆమె గొంతును బట్టి హాలు పెట్టిన పేరు; మిషన్ తిరుగుతున్నా ఆమె మాట వినబడుతుంది. "చూశావా గంటా, గోడకి బీటలొచ్చాయని బెంగ పెట్టుకున్నాడు మావాడు. నా మడమలు పదేళ్ళనుంచి బీటలు, ఒక్కనాడు చూశాడా? వీటికెప్పుడురా గాజు అతికిస్తావు?"

హాలంతా గొల్లుమంది. మేస్త్రీ కూడా నవ్వాడు. నవ్వుతూనే విరిగిన ముక్కలు పీకి చెత్తబుట్టలో వేశాడు. ముద్దలు మాత్రం గోడకే వదిలేసి, పైన సున్నం కొట్టి, జానెడు కింద కొత్త పట్టీ అతికించాడు. పుస్తకంలో 'గాజు బాగుంది' అని రాశాడు. అబద్ధం కాదు, కొత్త గాజు బాగానే ఉంది.

రెండోది నలభై రోజులకి విరిగింది. ఈసారి మేనేజరు గది గుమ్మం దాకా వెళ్ళి చెప్పాడు.

"కొత్తది అతికించావా?"

"అతికించాను సార్."

"అది బాగుందా?"

"బాగుంది సార్."

"మరి ఇంకేంటి నీ బాధ?"

మూడోది పంతొమ్మిది రోజులకి విరిగింది. ఆ రోజు మేస్త్రీ జేబులోంచి నాణెం తీసి పగుల్లో పెట్టి చూశాడు. సగం దాకా దిగింది. బయటికి లాగి, తుడిచి, జేబులో వేసుకున్నాడు. ఎవరికీ చెప్పలేదు. చెప్పి ఏం లాభం అనుకున్నాడో, అసలేమీ అనుకోలేదో, ఇప్పుడు తలుచుకుంటే గుర్తు రావడం లేదు. ముక్కలు పీకి నాలుగోది అతికించి, పుస్తకంలో 'చిట్లు, గాజు బాగుంది' అని రాశాడు. నాలుగో గాజు విరిగే దాకా ఆగకుండా గోడే పడింది.

తొమ్మిదో రోజు సాయంత్రం, వచ్చినవాళ్ళంతా వెళ్ళాక, బావ గ్లాసుడు నీళ్ళు తాగి మంచం మీద కూర్చున్నాడు.

"రేపు విచారణకి ఎవరో ఆఫీసరమ్మ వస్తోందట."

"ఊ."

"ఏదో లారీ వెనక్కొచ్చి గోడకి గుద్దుకుందని చెప్పబోతున్నారట. ఏ లారీ? ఎవడు చూశాడు?" బావ మెల్లగా మాట్లాడుతున్నాడు. అరిచే ఓపిక అయిపోయింది. "గోడలు చూసేది నువ్వే కదరా. నీకేమైనా తెలుసా?"

"తెలియదు బావా."

మాట ఎంత సులువుగా వచ్చిందంటే, మేస్త్రీకే వింతగా అనిపించింది.

"ఎవడో ఒకడికి తెలిసే ఉంటుంది," అన్నాడు బావ. "తెలిసీ నోరు మూసుకున్నవాడు నా చేతికి దొరకాలి."

మేనకోడలు గిన్నెలు కడిగి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. పంతొమ్మిదేళ్ళు. తల్లి ముక్కూ, తల్లి నడకా. "మావయ్యా, నన్ను సోమవారం నుంచి పనిలోకి రమ్మన్నారు. అమ్మ బదులు. రెండో హాల్లో."

"రెండో హాల్లోనా?"

"ఆ. మిషన్ అటు మార్చారట కదా."

అవును, మార్చారు. శిథిలాల్లోంచి లాగి, తుడిచి, నూనె పోసి, రెండో హాలు గోడ పక్కన బిగించారు. మనుషులు ముగ్గురు పోయారు గానీ మిషన్‌కి చిన్న సొట్టయినా పడలేదు. మేస్త్రీ తల ఊపాడు. లేచి, చెప్పులు వేసుకుని ఇంటికి పోయాడు. పడుకోగానే నిద్ర పట్టింది. అదీ అతనికి వింతగానే ఉంది.

శనివారం పొద్దున గేటు దగ్గరే మేనేజరు ఎదురొచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి ఎనిమిదేళ్ళ ఉద్యోగంలో మొదటిసారి పడింది ఆ భుజం మీద.

"నీ బాధ నాకు తెలుసు మేస్త్రీ. తోడబుట్టినది పోవడమంటే మాటలా? మధ్యాహ్నం ఆవిడ అడిగితే ఎక్కువ ఆలోచించి బుర్ర పాడుచేసుకోకు. పుస్తకంలో ఏముందో అదే చెప్పు. ఎంతైనా నీ చేతిరాతే కదా."

వెన్న పూసిన కత్తి. 'నీ చేతిరాతే' అన్నచోట కాస్త నొక్కాడు కూడా. మేస్త్రీ "సరే సార్" అన్నాడు.

కాళ్ళు అతన్ని రెండో హాలుకి తీసుకెళ్ళాయి. మిషన్ని తిప్పి చూస్తున్నారు. అడుగు లోపల పెట్టగానే అరికాలికి తెలిసింది, సన్నగా, ఆగకుండా. ఇక్కడా బల్లలన్నీ గోడకి ఆనించి ఉన్నాయి. ఎందుకు ఆనించరు? బుద్ధి రావడానికి పోయింది వాళ్ళవాళ్ళా? చివరి బల్ల మీద కాగితం ముక్క అతికించి ఉంది: 'పదహారు – కొత్తమ్మాయి'. మేస్త్రీ బల్ల మీదకి వంగి, గోడని చూశాడు. మిషన్ బిగించి ఆరు రోజులు కాలేదు. నడుమెత్తున ఏటవాలు గీత. బొటనవేలి గోరు పెట్టాడు. దిగింది.

భయం వెయ్యాలి కదా. వెయ్యలేదు. గోరు బయటికి తీసి చూసుకున్నాడు, సున్నం అంటింది. లోపల ఎక్కడో ఎవరో లెక్క మాత్రం చెప్పుకుంటూ పోతున్నారు: రెండు నెలలు, నలభై రోజులు, పంతొమ్మిది రోజులు. ఈ గోడ దానికంటే పాతది.

వెనక్కి తిరిగి, శిథిలాలు పోసిన పెరట్లోకి నడిచాడు. ఒక లారీ నిండి కదులుతోంది. ఇంకో లారీ ఖాళీగా ఆగి ఉంది. విచారణ మధ్యాహ్నం, కుప్ప ఎత్తేది పొద్దున. తొందర ఎవరికుందో చెప్పక్కర్లేదు. మేస్త్రీ కుప్ప ఎక్కి ఇటుక పెళ్ళలు తిరగేయడం మొదలుపెట్టాడు.

"ఏంటి మేస్త్రీ వెతుకుతున్నావ్? పోయిన సిగ్గా?"

గంట. కుడిచెయ్యి మెడకి వేలాడగట్టి ఉంది. దుప్పటి అవతలి చివర పట్టుకున్న మనిషి కాబట్టి బతికింది. రోజూ వచ్చి ఈ కుప్ప పక్కన కూర్చుంటోందని కాపలావాళ్ళు చెప్పుకుంటుంటే విన్నాడు.

"ముద్దలు," అన్నాడు మేస్త్రీ.

"ఏ ముద్దలు?"

చెప్పాడు. తొమ్మిది రోజుల్లో మొదటిసారి, కుప్ప మీద వంగి, ఇటుకలతో చెబుతున్నట్టు చెప్పాడు. గాజులు మూడు పీకాను. ముద్దలు గోడకే ఉన్నాయి, సున్నం కింద. తేదీలు గీసి ఉన్నాయి. అవి దొరికితే గోడ ఎన్నిసార్లు కదిలిందో తెలుస్తుంది.

గంట కట్టు కట్టిన చేతిని సర్దుకుంది.

"అయితే మేమే చంపుకున్నామా?" అంది. "తియ్యి తియ్యి అని నీ ప్రాణం తీసింది మేమే కదా."

"నియమం నాకు తెలుసు. మీకు తెలియదు."

"నీకు తెలిస్తే ఏం చేశావ్?"

"పీకాను."

ఆమె ఎడంచేత్తో ఒక పెళ్ళని ఒరిగించి చూసింది. ఏమీ లేదు. ఇంకోటి ఒరిగించింది. కాసేపటికి ఆ పాత గొంతు లేచింది, పెరడంతా వినబడేట్టు.

"అది కాదు మేస్త్రీ. బల్లలు గోడకి జరిపింది నువ్వా నేనా? విరిగిన గాజుకంటే చిరిగిన దుప్పటికి మేం ఎక్కువ భయపడ్డాం, అలా భయపెట్టింది ఎవడు? గోడ మా మీద పడుతుందని ఒక్కడూ కేక వెయ్యలేదు, దుప్పటి చిరిగితే మాత్రం నలుగురు పరిగెత్తుకొచ్చేవాళ్ళు. ఆ మాట అడుగు అక్కడ."

"నువ్వడుగు."

"నేనూ అడుగుతాను. కానీ ముందు నువ్వు నోరు విప్పాలి. గోడ నీది."

మొదటి పెళ్ళ ఆమె కాలి దగ్గరే దొరికింది. నాలుగు ఇటుకలు ఒకదాన్నొకటి వదలకుండా పట్టుకుని ఉన్నాయి. పగులుకి ఎడమపక్క భాగం. మేస్త్రీ సున్నం గోకితే రెండు ముద్దలు తేలాయి, జానెడు ఎడంగా. రెండు తేదీలు. కుడిపక్కవి దొరకలేదు, మూడో తేదీ, నాలుగో తేదీ ముద్దలు కూడా దొరకలేదు. పొద్దుటి లారీలో పోయి ఉంటాయి. రెండో లారీ డ్రైవరు హారన్ కొట్టాడు.

"ఏయ్, దిగండి కుప్ప మీంచి."

"దిగకపోతే మమ్మల్నీ ఎత్తిపోస్తావా?" అంది గంట. "ఎత్తు చూద్దాం. అలవాటేగా మీ కంపెనీకి."

పెళ్ళని మేస్త్రీ భుజానికెత్తుకున్నాడు. బరువుంది. బరువు తెలిసింది గానీ, అంతకుమించి ఏమీ తెలియలేదు.

విచారణ భోజనాల గదిలో పెట్టారు. పొడుగు బల్ల, ఒక చివర ఆఫీసరమ్మ, పక్కన రాసుకునే గుమాస్తా, మేనేజరు. బెంచీల మీద పోయినవాళ్ళ మనుషులు, పనివాళ్ళు. బావ ముందు వరసలో చొక్కా గుండీలన్నీ పెట్టుకుని కూర్చున్నాడు. పక్కన మేనకోడలు.

ఆఫీసరమ్మ యాభై దాటిన మనిషి, చేతిలో కళ్ళజోడు, మాటకి మాట తూచే రకం. పుస్తకం తిరగేసింది.

"ఇది నీ చేతిరాతేనా?"

"నాదేనండి."

"అన్నిచోట్లా 'చిట్లు', 'గాజు బాగుంది' అని ఉంది. ఈ చిట్లు అంటే ఏంటి?"

మేస్త్రీ చెప్పాడు. వెంట్రుక, గోరు, నాణెం, చెయ్యి. గుమాస్తా రాసుకోడానికి ఆగాల్సి వచ్చింది.

"మరి ఆ గోడకున్నది ఏది?"

మేనేజరు గొంతు సవరించుకున్నాడు. మేస్త్రీ అటు చూడలేదు. బావ వైపూ చూడలేదు. బల్ల మీది నీళ్ళ జగ్గు కేసి చూశాడు.

"బీటండి. నాణెం దిగింది. నేనే పెట్టి చూశాను."

"పుస్తకంలో అలా లేదే?"

"లేదండి. రాయలేదు." కింద పెట్టిన పెళ్ళని ఎత్తి బల్ల మీద పెట్టాడు. మట్టి రాలింది.

"మేడం గారు కూర్చున్న బల్ల మీద ఈ చెత్తేంటయ్యా," అన్నాడు మేనేజరు.

"ఉండనివ్వండి," అంది ఆఫీసరమ్మ. కళ్ళజోడు పెట్టుకుంది. వేలితో ముద్ద మీది గీతల్ని తడిమి, తేదీలు పైకి చదివింది. మళ్ళీ పుస్తకం చూసింది. "ఈ రెండో తేదీన కొత్త గాజు పెట్టినట్టు ఇందులో లేదు. పాతదేమైంది?"

"విరిగింది. పీకి పారేశాను. ఆ తర్వాతదీ విరిగింది, దాన్నీ పీకాను. ఆ తర్వాతదీ. మొత్తం మూడు. విరిగిందని ఒక్కసారీ రాయలేదు. రెండోసారి మాత్రం మేనేజరు గారికి నోటితో చెప్పాను."

"అబద్ధం!" మేనేజరు లేచాడు. "అక్క పోయిన బాధలో మతి చలించి..."

"మీరు కూర్చోండి. మీ వంతు వస్తుంది." ఆమె మేస్త్రీ వైపు తిరిగింది. "తియ్యకూడదని తెలుసా నీకు?"

"తెలుసండి."

"ఎందుకు తీశావు?"

"దుప్పట్లు చిరుగుతున్నాయి. చేతులు తెగుతున్నాయి."

"తియ్యమని ఎవరన్నారు?"

మేస్త్రీకి హాలంతా గొల్లుమన్న నవ్వు వినబడింది, దూరంగా, ఎవరి ఇంట్లోనో రేడియో మోగుతున్నట్టు.

"ఎవరూ అనలేదండి. నేనే తీశాను."

"నేనన్నాను!" వెనకనుంచి గంట లేచింది. "రాసుకోండి, మొదటిసారీ మూడోసారీ తియ్యమన్నది నేనే. గోడకి బల్లలు ఆనించి మమ్మల్ని ఇరికించింది వీళ్ళు. ఒక్క బల్ల రెండడుగులు ఇవతలికి జరిపి ఉంటే ఆ గాజు ఎవరికీ అడ్డొచ్చేది కాదు. ఇప్పుడు రెండో హాల్లోనూ అలాగే ఆనించారు, అదే మిషను, వెళ్ళి చూడండి."

"గోరు దిగింది," అన్నాడు మేస్త్రీ. "ఆ గోడకి. పొద్దున చూశాను. ఆరు రోజుల్లో."

ఆఫీసరమ్మ లేచి నిలబడింది. "పదండి, చూపించు."

అంతా కదిలారు. బావ కూడా లేచి, నెమ్మదిగా బల్ల దగ్గరికొచ్చాడు. కొడతాడనే అందరూ అనుకున్నారు. మేస్త్రీ కూడా అనుకున్నాడు, కొడితే మంచిదే అనుకున్నాడు. బావ ఆ పెళ్ళ మీద చెయ్యి పెట్టి, తేదీ చూశాడు.

"నిన్న సాయంత్రం అడిగితే తెలియదన్నావు."

"అన్నాను బావా."

బావ చెయ్యి తీసేశాడు. గుమ్మం దాటి వెళ్ళిపోయాడు. వెనక్కి చూడలేదు.

సాయంత్రానికి ఆఫీసరమ్మ కాగితం తయారైంది. ఇంజనీరు చూసేదాకా రెండో హాలు మిషన్ తిరగకూడదు, సోమవారం ఇంజనీరు వచ్చినప్పుడు గోడ చూపించడానికి మేస్త్రీ హాజరు కావాలి. మేనేజరు కూడా ఒక కాగితం తయారు చేశాడు. దాంతో మేస్త్రీ ఉద్యోగం పోయింది. గేటు దగ్గర నలుగురు పనివాళ్ళు మొహం తిప్పుకున్నారు. "నోరు మూసుకుంటే పోయేదిగా, ఇప్పుడు మిషన్ ఆగితే మన గతేంటి?" అన్నాడు ఒకడు, వినాలనే. మేస్త్రీ విన్నాడు. వాడిని తప్పుపట్టాలనిపించలేదు. మనిషిని ఆకలికీ గోడకీ మధ్య నిలబెట్టినవాడు ఎవడో వాడికీ తెలుసు, కానీ ఆ నిలబెట్టినవాడు దొరకడు, మేస్త్రీ దొరికాడు.

ఆదివారం మేనకోడలు మేస్త్రీ గదికి వచ్చింది. గుమ్మంలోనే నిలబడింది.

"నాన్న నిన్ను ఇంటికి రావొద్దన్నాడు."

"సరే."

"ఎప్పటిదాకా అని అడిగాను. చెప్పలేదు."

"సరేనమ్మా."

ఆమె వెళ్ళలేదు. గోడకి ఆనుకుంది. "తియ్యమన్నది అమ్మే కదా మావయ్యా."

మేస్త్రీ స్టూలు ఆమె వైపు జరిపాడు.

"ఆ రోజే ఇంటికొచ్చి నవ్వుతూ చెప్పింది. తమ్ముడి చేత గాజు పీకించానని. అందరూ నవ్వారని." ఆమె గొంతులో ఏడుపు లేదు, కోపమూ లేదు. "గోడ పడ్డ రోజునుంచీ నాకు తెలుసు. నువ్వు చెబుతావా లేదా అని చూస్తూ కూర్చున్నాను. నువ్వు చెప్పకపోతే నేనూ చెప్పేదాన్ని కాదు. సోమవారం పోయి ఆ బల్ల దగ్గర నిలబడేదాన్ని. ఎందుకో తెలియదు. నిలబడేదాన్ని అంతే."

"మీ నాన్నకి చెప్పకు. అమ్మ సంగతి."

"చెప్పను. నువ్వూ చెప్పకు."

"ఊ."

"నువ్వు ఏడ్చావా మావయ్యా?"

"లేదు. నువ్వు?"

"ముందు ఏడ్చాను. ఇప్పుడు రావడం లేదు."

సోమవారం ఇంజనీరు పదిన్నరకి వస్తాడన్నారు. మేస్త్రీ తొమ్మిదికే వెళ్ళాడు. గేటు వాడు అటూ ఇటూ చూసి, ఆఫీసరమ్మ కాగితం చదివి, లోపలికి పంపాడు. రెండో హాల్లో మిషన్ ఆగి ఉంది. అరికాలికి ఏమీ తగల్లేదు. పనిలేక ఆడవాళ్ళు గుంపులుగా నిలబడి ఉన్నారు, కొందరు అతన్ని చూసి మాట ఆపేశారు. గంట ఒంటిచేత్తో పదహారో బల్ల అంచు పట్టుకుని లాగుతోంది. అవతలి చివర మేనకోడలు.

"ఏంటే చూస్తారు?" అంది గంట హాలంతటికీ. "ఇంజనీరు వచ్చి గోడ చూడాలంటే గోడ కనబడాలా వద్దా? మీ బల్లలు మీరు లాక్కోండి. రెండడుగులు కాదు, నాలుగడుగులు."

సూపర్‌వైజరు గుమ్మంలోకి వచ్చాడు. "ఎవరు జరపమన్నారు?"

మొదట ఒక బల్ల కదిలింది. కాళ్ళు నేల మీద కీచుమన్నాయి. తర్వాత ఇంకోటి. మొహం తిప్పుకున్న వాళ్ళు కూడా కాసేపు చూసి, వచ్చి పట్టుకున్నారు.

మేస్త్రీ మేనకోడలి పక్కకి వెళ్ళి బల్ల అంచు పట్టుకున్నాడు. ఇద్దరూ ఒకేసారి ఎత్తారు. ఏమైనా అనిపిస్తుందేమోనని ఒక్క క్షణం చూశాడు. ఏమీ అనిపించలేదు. బల్ల బరువుగా ఉంది. "నీ వైపు కాస్త ఎత్తు," అన్నాడు, ఆమె ఎత్తింది.